సరస్వతమ్మ గారు ఎక్కని విమానం

2011, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు, రైళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. రాయదుర్గంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాది ఎవరికి చెప్పినా ఒక పట్టాన అర్థంకాని ఉద్యోగం. కడప నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా ఎండీ గారికి ఆరు సీట్ల చిన్న విమానం ఉండేది. అది ఎగిరే ముందు దారి, వాతావరణం, బరువు, ఇంధనం లెక్కలన్నీ నేనే వేసేదాన్ని. మా అమ్మ మాత్రం చుట్టాలకు "మా పిల్ల విమానాలు నడుపుతది" అని చెప్పుకునేది. నేనూ కాదనలేదు.

మబ్బుల్లో బయట ఏమీ కనబడనప్పుడు పరికరాలనే నమ్ముకుని నడపడాన్ని ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ అంటారు. దానికి ప్లాన్ వేసేటప్పుడు ఆల్టర్నేట్ కూడా రాయాలి. అనుకున్న చోట దిగడం కుదరకపోతే వెళ్లే రెండో విమానాశ్రయం అన్నమాట. అక్కడికి చేరడానికి, ఆపైన ముప్పావుగంట తిరగడానికి సరిపడా ఇంధనం ఉండాలి. చిన్న విమానంలో ఇంధనం పెరిగితే మనుషులు తగ్గాలి.

ఎండీ గారి మేనకోడలు హారిక పెళ్లి తిరుపతిలో. మేనమామ గంపలో కూర్చోబెట్టి తెస్తేనే పెళ్లికూతురు మండపానికి వచ్చేది. ఆయన, ఆయన తల్లి, భార్య సరస్వతమ్మ గారు, ఈ ముగ్గురికీ లెక్క వేశాను. పెళ్లిరోజు పొద్దున్నే బేగంపేట విమానాశ్రయానికి నలుగురు వచ్చారు. నాలుగో మనిషి ఎండీ గారి చిన్నాయన, తండ్రి లేని ఆ ఇంటికి పెద్దదిక్కు. ఆయన ముందురోజు రాత్రి ఎక్కాల్సిన రైలు రద్దయింది. ముహూర్తం మధ్యాహ్నమే, ఇక కారులో వెళ్తే అందదు.

అప్పటిదాకా వాళ్లు ఫోనులో చెప్పిన బరువులే రాసుకున్నాను. పెద్దవాళ్లను తూకం యంత్రం ఎక్కమనడానికి మొహమాటం. ఇక తప్పదని అందరినీ ఎక్కించాను. ఎండీ గారు చెప్పింది డెబ్బై నాలుగు, ముల్లు ఆగింది ఎనభై ఆరు దగ్గర. పెట్టెలన్నీ పక్కన పెట్టించినా ఇంకా ఇరవై కిలోలు ఎక్కువే.

"అంత పెట్రోలు ఎందుకు? మద్రాసు పక్కనే కదా, దాన్నే ఆల్టర్నేట్ రాయి. అందరమూ పోతాము" అన్నారు ఎండీ గారు.

నిజమే, చెన్నై రాస్తే నలుగురూ సరిపోతారు. నేను రాసింది బెంగళూరు.

"సార్, తిరుపతి మీదున్న మబ్బే చెన్నై మీద గూడ ఉన్నది. రెండూ మూసుకపోతే ఏడికి పోతరు?"

"ఇరవై కిలోలకు మనిషిని వదిలిపెట్టి పొమ్మంటావా? ఊర్లోంచి పొమ్మంటాండారు, ఇప్పుడు విమానంలోంచి గూడనా?"

నాకు ఒళ్లు మండింది. "నేను సిద్దిపేటదాన్నే సార్. కడపదాన్నయినా గిదే రాస్తుంటి."

పైలట్ నా కాగితం చూసి, "బెంగళూరే సార్" అని ఊరుకున్నాడు.

"నేను ఉండిపోతాలే. గంప ఎత్తేది మీరు కదా" అన్నారు సరస్వతమ్మ గారు. హారికను ఐదేళ్లు తన ఇంట్లో ఉంచుకుని చదివించింది ఆవిడే. ఆ పొద్దు పట్టుచీర కట్టుకునే వచ్చారు.

తిరుపతిలో మబ్బు విడిపోయింది. మొదటిసారికే రన్‌వే కనబడి హాయిగా దిగారు. చెన్నై కూడా తెరిచే ఉంది. ఆ కబురు విని సంతోషించాల్సింది పోయి సిగ్గుతో చచ్చిపోయాను.

ఎండీ గారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు సరస్వతమ్మ గారు ఖాజాగూడలోని ఇంటి నుంచి ఆఫీసుకు వచ్చి, ఆనాటి మబ్బుల పటం చూపించమన్నారు. చెన్నైని కప్పేసిన తెల్లటి ముద్దను చాలాసేపు చూశారు.

"క్షమించండమ్మా, తీరా చూస్తే మబ్బే..."

"మబ్బు రాలేదని నీ లెక్క మార్చుకోవాకు. మా అత్తను, మొగుణ్ని దాంట్లో ఎక్కించి పంపింది నిన్ను నమ్మే."

ఆవిడ వెళ్లాక తలుపేసుకుని ఏడ్చాను. నా తప్పు మబ్బు దగ్గర లేదు. రైళ్లు ఆగుతున్న రోజుల్లో ఇంకెవరైనా వస్తున్నారా అని ముందురోజే అడిగి, అందరినీ అప్పుడే తూచి ఉంటే చిన్నాయన గారిని సాయంత్రమే కారులో పంపేవాళ్లం. ఇప్పుడు ఎంతటివారినైనా ముందురోజే తూకం ఎక్కిస్తాను, వాళ్లు మూతి ముడుచుకున్నా సరే.

హారిక పెళ్లి ఫొటోల్లో సరస్వతమ్మ గారు లేరు. అది నా మొహమాటం చేసిన పని. బెంగళూరు రాసినందుకు మాత్రం నాకు ఇప్పటికీ విచారం లేదు.