ఇద్దరినీ ఒక్కరిని చేసిన రోజు

ఆమె కళ్లు తేలవేయడం నేను చూశాను. కౌంటర్ వెనక కూర్చునేదాన్ని, సూదులూ నెత్తురూ నా పని కాదు. అయినా ఆమెను ఆ గతికి తెచ్చింది నేనే.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్ ఆపరేటర్‌ను నేను. కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి మా బ్రాంచీలున్నాయి. మూడు చోట్ల రోగుల ఫైళ్లనూ ఒక్కచోటికి చేర్చమని సారు నాకు పని అప్పగించాడు. మనవాళ్ల పేరు ఇంగ్లీషులో రాయమంటే నలుగురు నాలుగు తీర్లు రాస్తారు. అందుకని అక్షరాలు కాకుండా పలుకు ఎంత దగ్గరగా ఉందో పట్టే ప్రోగ్రాం ఒకటి తెప్పించారు. పేరు, ఇంటిపేరు, ఊరు, భర్త పేరు, పుట్టినరోజు, ఫోన్ నంబరు పోల్చి వందకు మార్కులేస్తుంది. తొంభై దాటితే ఇద్దరూ ఒకే మనిషి అయి ఉండొచ్చని అర్థం.

ఉండొచ్చని మాత్రమే. ఒక్కో జంటనూ తెరిచి చూసి, ఇంటికి ఫోన్ చేసి అడిగి, అప్పుడు కలపమన్నారు. నాకంత ఓపిక ఎక్కడిది? మొదటి రోజు అడిగినవన్నీ నిజంగానే ఒక్కరివే. మిషన్ తెలివికి మురిసిపోయి, రెండో రోజు అన్నీ ఒకేసారి కలిపేయమని నొక్కి చాయ్ తాగడానికి పోయాను.

రెండు నెలలకు మఠంపల్లి దిక్కు నుంచి ఇద్దరు తోడికోడళ్లు వచ్చారు. నలభై దాటినవాళ్లు. చిన్నామెకు కాలి పుండు చీము పట్టి ఒళ్లు కాలిపోతోంది. వరుస రాగానే పేరు పిలిచి ఫైలు తెరిచాను. పడని మందులు ఏమీ లేవనీ, డాక్టరు రాసిన సూదే ముందొకసారి వేశారనీ అందులో ఉంది. నర్సు అది చూసి, కొంచెం వేసి పరీక్షించడం కూడా మానేసి, సూది వేసేసింది.

నాలుగు నిమిషాలు కాలేదు. మొహం ఉబ్బిపోయింది. ఊపిరి అందక మంచం మీద గిలగిలా కొట్టుకుంది. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. పెద్దామె గుండెలు బాదుకుంది.

"ఓ యమ్మో! మిర్యాలగూడల గీ సూదికే పాణం మీదికొచ్చె గదా! కంప్యూటర్ల ఎక్కించినం, ఇగ యాడికి వోయినా కనవడ్తది అన్నరు గదా! మల్ల గదే ఏసిన్రా?"

పాత ఫైళ్లు వెతికాను. మిర్యాలగూడ ఫైల్లో ఎర్రక్షరాలతో ఉంది, ఈ సూది పడదని. కోదాడ ఫైల్లో అదే పేరు, అదే ఇల్లు, ఏమీ లేదని ఉంది. కోదాడది కొత్తది కనుక కలిపినప్పుడు దాని మాటే నిలిచింది. అది పెద్దామె ఫైలు.

ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. ఇద్దరికీ నాయనమ్మ పేరే పెట్టారు. ఒకే ఇంటి అన్నదమ్ములకే ఇచ్చారు. భర్తల పేర్లలో చివరి అక్షరమే తేడా. ఇంట్లో ఫోన్ ఒక్కటే. పుట్టిన తేదీ తెలియని వాళ్లకు వేసినట్టే ఆధార్‌లో ఇద్దరికీ జనవరి ఒకటే వేశారు. మార్కులు తొంభై ఎనిమిది! నిజంగా ఒకే మనిషికి కూడా అన్ని రావు. హవ్వ, నాకు తెలియని సంగతా ఇది? మా నడిగూడెంలో మా అన్నకూ, మా పెదనాన్న కొడుక్కూ తాత పేరే.

సాయంత్రానికి చిన్నామె కళ్లు తెరిచింది. గండం గడిచిందన్నారు. పెద్దామె కౌంటర్ దగ్గరికొచ్చి, "గిట్లెట్లయింది బిడ్డా?" అనడిగింది.

"కంప్యూటర్ తప్పు చేసిందమ్మా" అన్నాను.

నమ్మేసింది. "పోనీ తియ్ బిడ్డా, మిషన్‌కేం ఎర్క" అని నా చెయ్యి నిమిరింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున వార్డుకు వెళ్లాను. చిన్నామె దిండుకు ఆనుకుని జావ తాగుతోంది, పెద్దామె పక్కనే ఉంది.

"అమ్మా, మిషన్ గాదు. మిమ్మల్ని అడిగి కలపమన్నరు. నేనే అడగకుంట ఇద్దర్ని ఒక్కరిని చేసిన" అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. పెద్దామె తల తిప్పేసుకుంది. చిన్నామె గిన్నె కింద పెట్టి, బొంగురుపోయిన గొంతుతో అంది:

"నిన్న నువ్వు పేరు పిలిస్తే ఇద్దరం లేసి నిలవడ్డం గద బిడ్డా. నువ్వే తలెత్తి సూడకపోతివి."