వర్ణం మీద బ్లూస్

మా పాటల ఆంటీ పోయారని తెలిసినప్పుడు నేను ఆఫీసులో స్టేప్లర్‌కి పిన్నులు ఎక్కిస్తున్నాను. పాత స్టూడెంట్ల గ్రూపులో ఆవిడ కొడుకు పెట్టిన మెసేజ్ రెండు లైన్లే. చదివాను. పిన్నులు ఎక్కించడం పూర్తిచేసి మీటింగ్‌కి వెళ్ళాను, అక్కడ మాట్లాడాను కూడా. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు. ఆవిడుంటే "రానిదాన్ని లాగకే, అపస్వరం పలుకుతుంది" అనేవారు.

మీలో చాలామందికి ఆవిడ తెలిసే అవకాశం లేదు. షికాగో పక్క షామ్‌బర్గ్‌లో ఒక డాక్టరుగారి భార్య. మా అమ్మానాన్నల కన్నా ఎంతో ముందు ఈ దేశం వచ్చినవారు. ఏ సభలోనూ పాడలేదు. ఎవరైనా అడిగితే "నాది ఇంటి గొంతండీ, గడప దాటదు" అని నవ్వేసేవారు. శనివారం పొద్దున్నే వాళ్ళ గరాజ్‌లో స్నో బూట్లు విడిచి, మెట్లు దిగి, బేస్‌మెంట్‌లో దుప్పటి మీద కూర్చునేవాళ్ళం. పైన వంటింట్లో పోపు వాసన, కింద శ్రుతిపెట్టె మోత.

ఆవిడ పాఠానికి ఒక పద్ధతి ఉండేది. ప్రతి పిల్లకీ ఒక క్యాసెట్. ఒక వైపు ఆవిడ పాఠం పాడి ఇచ్చేవారు. రెండో వైపు మేం ఇంట్లో సాధన రికార్డు చేసి, బుధవారంకల్లా అందజెయ్యాలి. కూరలు తరుగుతూ అన్నీ వినేవారట. శనివారం వెళ్ళేసరికి తిట్లు తయారు. "మూడో ఆవర్తంలో మీ ఇంట్లో టీవీ పాడింది, నువ్వు పాడలేదు" అని నన్ను అందరి ముందూ పట్టేసుకున్నారొకసారి. "గొంతు దేవుడిస్తాడు. తాళం మాత్రం నువ్వే తెచ్చుకోవాలి" అనేది ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

నాకు పదిహేనేళ్ళప్పుడు, స్కూల్ నుంచొచ్చి హోంవర్క్ చేసుకుంటూ రేడియో తిప్పుతుంటే ఏదో కాలేజీ స్టేషన్ తగిలింది. ఒక ముసలాయన గిటార్ వాయిస్తూ పాడుతున్నాడు. మాటలు సగం అర్థం కాలేదు. పెన్సిల్ పక్కన పెట్టేశాను. దాన్ని బ్లూస్ అంటారని, నల్లవాళ్ళ సంగీతమని పాట అయ్యాక అనౌన్సర్ చెబితే తెలిసింది. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ పాటలకి పేరుపడ్డ షికాగో పక్కనే అయినా ఆ మాట అంతకుముందు నా చెవిన పడలేదు. మా ఇంట్లో సంగీతమంటే శనివారం క్లాసు, కార్లో నాన్న పెట్టే సినిమా పాటలు, అంతే. మర్నాడు అదే వేళకి చేతికందిన క్యాసెట్ పెట్టి రికార్డ్ నొక్కాను. అది పాటల క్లాసు క్యాసెట్టని తెలుసు. సాధన వైపు పెట్టాననుకున్నాను. పెట్టింది ఆంటీ వర్ణం పాడిన వైపు.

మర్నాడే బుధవారం. నేను స్కూల్లో ఉండగా అమ్మ టేబుల్ మీది క్యాసెట్ తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చేసింది.

శనివారం క్లాసయ్యాక "నువ్వుండు" అన్నారు ఆంటీ. మిగతా పిల్లలు నావైపు జాలిగా చూసి మెట్లెక్కారు. ఇక అమ్మకి తెలుస్తుంది, రేడియో పోతుంది అనుకున్నాను. ఆవిడ క్యాసెట్ పెట్టారు. ఆ గిటార్ ఆ బేస్‌మెంట్‌లో మోగుతుంటే నాకు తలెత్తడానికి సిగ్గేసింది.

"ఎవరే ఈయన?"

"ఐ డోంట్ నో ఆంటీ. రేడియోలో వచ్చాడు. సారీ."

"సారీ తర్వాత. తాళం వెయ్యి."

వెయ్యలేకపోయాను. ఆవిడే తొడ మీద వెయ్యడం మొదలుపెట్టారు. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరం వేలు, మధ్యవేలు. దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టి, "ఆదితాళమే. ఆరు ఆవర్తాలు తిరిగి మళ్ళీ మొదటికొస్తున్నాడు, చూశావా?" అన్నారు. ఇంకొంచెం విని, చెయ్యి గాల్లో ఆపేశారు. "గాంధార స్వరం దగ్గర ఏం చేస్తున్నాడో విను. చిన్నదీ కాదు, పెద్దదీ కాదు. రెండింటి మధ్యా నిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా పాడుతున్నాను, నాకక్కడ నిలబడ్డం రాలేదు."

నేను సంగీతం విన్నది నిజంగా ఆ రోజే. అంతకుముందు విన్నది చప్పుడు.

"అమ్మకి చెబుతారా?"

"నేనై చెప్పను. అడిగితే అబద్ధమాడను." అప్పుడు క్యాసెట్ నా చేతికిచ్చి నవ్వారు. "నా వర్ణం నెత్తిన కూర్చోబెట్టావు కదే ఆయన్ని! సర్లే, కొత్త క్యాసెట్ తీసుకురా, మళ్ళీ పాడి ఇస్తాను."

"నెక్స్ట్ వీక్ ఆంటీ" అన్నాను. ఆ వారం మర్చిపోయాను. పై వారమూ అంతే. తర్వాత పరీక్షలు, డ్రైవింగ్, కాలేజీ. క్లాసు మానేశాను. ఎప్పుడైనా పెళ్ళిళ్ళలో కనబడితే ఆవిడ అడిగేది ఒక్కటే: "మన గాంధారం ఆయన కులాసాయేనా?"

మెసేజ్ వచ్చిన రెండు రోజులకి కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ వాయిస్ మా దగ్గర ఒక్కటీ లేదు. వాయిస్‌మెయిల్స్ కూడా నేనే డిలీట్ చేసేశాను. నీ దగ్గర క్లాస్ టేప్స్ ఏమైనా ఉన్నాయా?" అందరినీ అడిగాడట. బుద్ధిగా పాఠాలు దాచుకున్నవాళ్ళు ఇళ్ళు మారినప్పుడు క్యాసెట్లు పారేశారు. నాది మాత్రం ఉంది, మూడు అపార్ట్‌మెంట్లు మారినా. దాచింది ఆవిడ కోసం కాదు, ఆ ముసలాయన కోసం. ఆ మాట అతనికి చెప్పాను. ఆవిడ పాటని నేనే చెరిపేశానని కూడా చెప్పాను.

"ఎండ్‌లో ఏమైనా మిగిలిందేమో చూడవా?" అన్నాడు.

నాన్న గరాజ్‌లోని పాత ప్లేయర్‌లో విన్నాను. గిటార్, గిటార్, గిటార్. టక్కున ఒక చప్పుడు. తర్వాత ఆవిడ. నలభై సెకన్లు. ప్లేయర్ మీద దుమ్ముంటే తుడిచి, మళ్ళీ విన్నాను. నాకేమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. కాపీ చేసి పంపించాను.

సంస్మరణ సభలో దాన్ని వేశారు. పాత స్టూడెంట్లం ఇరవై మందిమి వెనక వరసల్లో కూర్చున్నాం. స్పీకర్లలో గిటార్ చివరి మోత వచ్చింది, పెద్దవాళ్ళు తలలు తిప్పి చూశారు. టక్. ఆవిడ వర్ణం చివరి పాదం పాడారు. మధ్యలో ఆపి, "అదుగో, పోపు మాడుతోంది, నువ్వు తాళం ఆపకు, నేనిప్పుడే వస్తా" అన్నారు. కొడుకు మొహం చేతుల్లో దాచుకున్నాడు. తిరిగొచ్చినట్టున్నారు, గొంతు సవరించుకుని మళ్ళీ ఎత్తుకున్నారు. నా చెయ్యి తొడ మీద పడింది. నేను వెయ్యలేదు, అదే పడింది. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరం వేలు, మధ్యవేలు. టేపు అక్కడ అయిపోయింది.

పక్కకి చూస్తే మా వరసలో ఎవరి చెయ్యీ ఆగలేదు. దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు.