దీక్షా శిబిరంలో గాలిమిషన్

ఇప్పుడు ఎవరిని కదిపినా "తెలంగాణ ఉద్యమమా? అంతా మేమే నడిపినం" అంటారు. ఒళ్లు మండుతుంది. జనగామ చౌరస్తాలో వేసిన టెంట్‌లో జంపఖానా మీద ఎవరెవరు కూర్చున్నారో నాకు తెలుసు. అక్కడ కూర్చోకుండా హాయిగా పడుకున్న నా ఇంటిదాని సంగతి మాత్రం ఏ పేపరూ రాయలేదు. బడి ముఖం చూడని నేను కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. ఎవరూ రాయకపోతే నేనే రాస్తాను.

ఆమెకు నిద్రలో ఊపిరి ఆగేది. పెద్దగా సాగుతున్న గురక ఉన్నట్టుండి తెగిపోయేది. నేను లేచి కూర్చునేవాణ్ని. కాసేపటికి ఎగపీల్చుకుని మళ్లీ మొదలుపెట్టేది. హైదరాబాద్ డాక్టరు ఒక మిషన్ ఇప్పించాడు. ముక్కుకు తొడుగు, దానికో గొట్టం, గొట్టం చివర డబ్బా. రాత్రంతా అది గాలి కొడుతుంటే గొంతు మూసుకుపోదట. "చప్పుడేం రాదండీ" అన్నాడు. దాని పక్కన ఒక్క రాత్రి పడుకుని ఆ మాట అంటే ఒప్పుకునేవాణ్ని! పంపు స్టవ్ వెలిగించి నెత్తి దగ్గర పెట్టినట్టు బుస్సుమనేది. తొడుగు కాస్త జరిగితే ఈల. చెవుల్లో దూది పెట్టుకున్నాను. మంచం వాకిట్లో వేసుకున్నాను, వాన పడి మళ్లీ లోపలికే వచ్చాను.

"జర చిన్నగ పెట్టరాదే దాన్ని" అంటే తొడుగులోంచే జవాబు వచ్చేది: "ఇదేమన్న రేడియోనా?"

మహబూబాబాద్ ఆడబిడ్డ. మాట పడేది కాదు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే నా బామ్మర్ది కూడా పని బంద్ పెట్టాడు. బొగ్గు లేక కరెంటు పోవడం మొదలైంది. ఇప్పుడు తలచుకుంటే ఆ చీకటి కూడా ముద్దుగానే ఉంది. ఇంటింటా దీపం బుడ్డి, వీధంతా అరుగుల మీదే, రాష్ట్రం రేపో మాపో వస్తుందన్న కబుర్లు. కానీ అందరూ లోపలికి పోయాక మా ఇంట్లో మిషన్ మూగబోయి ఉండేది. అన్నాళ్లు తిట్టిన చప్పుడు లేకపోతే నాకు కన్ను మూతపడలేదు. ఆమె ఊపిరి వింటూ కూర్చునేవాణ్ని. ఆగగానే భుజం కదిపేవాణ్ని. ఇద్దరికీ నిద్ర లేదు. ఒకరోజు పొయ్యి ముందే తూలింది. కొంగుకు నిప్పంటుకోబోతే నేను లాగేశాను. అప్పటి నుంచి నాకు నిజంగా భయం పట్టుకుంది.

బామ్మర్ది ఫోన్‌లో, "అక్కా, నీ మిషన్‌ను నేనే ఆపినట్టయింది" అని బాధపడ్డాడు.

"నా ఊపిరాగితే మీ బావ లేపుతడు. మీ సమ్మె ఆగితే ఎవరు లేపుతరురా?" అంది.

నన్ను ఒక్క మాట అడక్కుండా నా నిద్రను ఉద్యమానికి రాసిచ్చేసింది మహాతల్లి!

దారి చూపింది మైక్‌సెట్టు ఆయన. మా వీధివాడే. పాటల కోసం టెంట్ వెనక జనరేటర్ పెట్టుకున్నాడు. "పెద్దబాపూ, పగటిపూట పెద్దమ్మను గీడ పండుకోబెట్టు. మైకుకిచ్చే కరెంటు మిషన్‌కియ్యనా ఏంది?" అన్నాడు.

అక్కడ రిలే దీక్షలు నడుస్తున్నాయి. రోజుకొక వర్గం వాళ్లు పొద్దున కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేవాళ్లు. మేం వెళ్లిన రోజు కూరగాయల అంగడి ఆడవాళ్ల వంతు. వాళ్లు జరిగి మూలన చోటిచ్చారు. ఇంట్లో జొన్నరొట్టె తిని వచ్చిన మనిషి తొడుగు పెట్టుకుని, మైకు మోగుతుండగానే నిద్రపోయింది.

దారిన పోయేవాళ్లకు ఏం కనిపించింది? దీక్షా శిబిరంలో ఒక పెద్దామె, ముక్కుకు గొట్టం, పక్కన దిగులు ముఖంతో నేను. ఆమరణ దీక్షకు దిగిందని, ఆక్సిజన్ పెట్టారని మాట పుట్టింది. మధ్యాహ్నానికల్లా స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి నుంచి ఆటోల్లో జనం దిగారు. ఆమె పాదాల దగ్గర బంతిపూల దండలు పెట్టారు. తరిగొప్పుల నుంచి వచ్చిన ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

"దీక్ష కాదన్నా, నిద్ర!" అని నేను మొత్తుకున్నాను.

"పాపం, పెండ్లాం పోతదని బుగులు పట్టుకున్నది" అన్నాడాయన పక్కవాళ్లతో.

చివరికి ఎస్సై వచ్చాడు, వెనకే అంబులెన్స్. దీక్షలో ఉన్నవాళ్లను దవాఖానకు ఎత్తుకుపోవడం వాళ్లకు అలవాటు. స్ట్రెచర్ దింపారు. జనం అడ్డం పడ్డారు. నినాదాలకు ఆమె ఉలిక్కిపడి లేచి, తొడుగు తీసింది.

"ఏంది సారూ లొల్లి? పొద్దుగాల రొట్టె తిన్న, పప్పు తిన్న. ఎన్ని రోజులకో కన్నంటుకున్నది. ఎవరినన్న తీస్కపోవాల్నంటే మా ఆయనను తీస్కపో, నిద్ర లేక సచ్చేటట్టున్నడు. నన్ను మాత్రం పండనియ్యి."

అంగడి ఆడవాళ్ల దగ్గర మొదలైన నవ్వు ఎస్సై దాకా పాకింది. స్ట్రెచర్ మళ్లీ అంబులెన్స్ ఎక్కింది.

"పెద్దమ్మా, పాటలు బంద్ పెట్టాల్నా?" అన్నాడు మైక్‌సెట్టు ఆయన.

"పాడుండ్రి. నా మిషన్ ముంగట మీ పాటలెంత!" అని పక్కకు తిరిగి పడుకుంది.

అయినా ఆయన మైకు కట్టేశాడు. టెంట్‌లో వెనక జనరేటర్ మోత కాక మిషన్ బుస ఒక్కటే మిగిలింది. ఆ బుస ఆగదని నమ్మకం కుదిరింది కాబోలు, గుంజకు ఆనుకున్న నా తల వాలిపోయింది.

ఎవరో భుజం తట్టారు. పొద్దు వాలుతోంది. నా మెడలో ఎవరు వేశారో బంతిపూల దండ. ఎదురుగా ఆమె, ఎన్నాళ్లకో తేటపడిన ముఖం, చేతిలో గ్లాసు.

"తాగు. నీ దీక్ష గూడ అయిపోయింది" అంది. చుట్టూ చప్పట్లు.

నిమ్మరసంలో ఉప్పెక్కువైందని కసురుకున్నాను. గ్లాసు మాత్రం ఖాళీ చేశాను.