బొంత లోపలి చీర

పాలకేంద్రంలో పాలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోస్తారు. మధ్యలో ఆ గది ఖాళీ. సిమెంటు గచ్చు చల్లగా ఉంటుంది, ఎంత కడిగినా కాస్త పాలవాసన వేస్తుంది. పెనుగొండ దాటాక నరసాపురం వైపు వెళ్ళే కాలువగట్టు మీది ఆ ఊళ్ళో, నాట్లు అయిపోయి కోతలు ఇంకా రాని రోజుల్లో, వీధి ఆడవాళ్ళు మధ్యాహ్నం భోజనాలు కానిచ్చి అక్కడ చేరి బొంతలు కుట్టేవారు. పాలకేంద్రం సెక్రటరీ గణేష్‌బాబు దీనికి అనుమతి ఇవ్వలేదు. కాదని కూడా అనలేదు. ఆ ఆడవాళ్ళందరికీ పెద్ద అతని తల్లి చిట్టెమ్మ. సాయంత్రం చెప్పులు విప్పి లోపలికి వస్తూ కాల్లో సూది దిగినప్పుడు మాత్రం ఆవిడను గట్టిగా తలుచుకునేవాడు.

వాళ్ళు కుట్టేవి గళ్ళ బొంతలు. పాత చీరలనూ, టైలరు దగ్గర మిగిలిన పీలికలనూ పిల్లల పలక కొలతకు కత్తిరించి, ముక్కకు ముక్క అతికి పైభాగం తయారుచేస్తారు. అడుగున ఒక చీర పరుస్తారు. రెంటికీ మధ్య మెత్తదనం కోసం ఇంకో రెండు మూడు పొరలు పాతగుడ్డ వేస్తారు. అన్నిటినీ కలిపి లావుపాటి సూదితో బారుకుట్లు వేస్తే బొంత తయారవుతుంది.

ఏ ముక్క ఏ గడిలో పడాలో చెప్పేది లోవమ్మ. ఆవిడ ముక్కలన్నీ గచ్చు మీద పరిచి, కాసేపు గోడకు చేరబడి చూసి, ఇది తీసి అక్కడ, అది తీసి ఇక్కడ పెట్టేది. పెట్టాక ఇంకెవరూ కదిపేవారు కాదు. ఎర్ర పక్కన ఏ పసుపు నిలబడుతుందో, ఏది నిలబడదో ఆవిడకు చూడగానే తెలిసేది. తాను మాత్రం బూడిదరంగు చీరో, వెలిసిపోయిన నీలమో కట్టేది. భర్త వెంకన్న పోయినప్పటినుంచీ అంతే. పొలంలో మోటారు ఆన్ చెయ్యబోతే షాకు కొట్టింది. అప్పటికి కూతురు దుర్గాశ్రీకి ఇంకా నడక కూడా సరిగ్గా రాలేదు.

మామూలు బొంతల్లో ఎవరి ముక్కలైనా వేసేవారు, ఎవరైనా కుట్టేవారు. పసిపిల్లల బొంతకు మాత్రం ఆ వీధిలో ఒక పద్ధతి ఉండేది. పైన వేసే ప్రతి ముక్కా పసుపుకుంకాలున్న ఇల్లాలు కట్టి విడిచిన చీరదే కావాలి. మొదటి కుట్టు పెద్ద ముత్తైదువే వెయ్యాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తప్పితే ఏమవుతుందో అసలే తెలియదు. అందుకని అది చెక్కుచెదరకుండా నిలబడింది. దానికి కాపలా చిట్టెమ్మ.

కాబట్టి పసిపిల్లల బొంతకు లోవమ్మ ముక్కలు కత్తిరించేది, గళ్ళు పేర్చేది, చిట్టెమ్మకు చూపు ఆనదు కనుక సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేది. ఆ తర్వాత గోడ దగ్గరకు జరిగి కూర్చునేది. ఆవిడను ఎవరూ జరగమనేవారు కాదు. అలా అనవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఒకసారి ఎవరి బిడ్డకో కుడుతుండగా లోపలి పొరకు గుడ్డ చాల్లేదు.

"వదినా, లోపలికి ఏం వెయ్యను?" అని అడిగింది లోవమ్మ.

"లోపల ఎవరు చూడొచ్చారే? ఏదో ఒకటి వెయ్యి" అంది చిట్టెమ్మ.

లోవమ్మ ఇంటికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది. పెళ్ళినాటి నేతచీరలన్నీ అందులో ఉన్నాయి. వెంకన్నకు రంగుల పిచ్చి. ధాన్యం అమ్మినా, పశువును అమ్మినా ఒక చీర తెచ్చేవాడు, అదీ వీధి చివరినుంచి కనబడే రంగుది. ఆయన పోయాక వాటిని ఆవిడ కట్టలేదు. ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోరు. పాతబట్టలకు గిన్నెలిచ్చే స్టీలు సామాన్లవాడు గుమ్మంలోకి వచ్చి అడిగితే లేవని చెప్పేది. ఆ రోజు గులాబీరంగు చీర తీసి, అంచులూ కొంగూ కత్తిరించి, ఆ బొంత లోపల పరిచి, పైముక్కలు కప్పేసింది.

తర్వాత నెల్లాళ్ళు ఆవిడకు సరిగా అన్నం సహించలేదు. మజ్జిగ బదులు అడిగే వంకతో రోజూ ఆ ఇంటికి వెళ్ళి బిడ్డను చూసి వచ్చేది. బిడ్డకు ఏమీ కాలేదు. చేతులకూ కాళ్ళకూ మడతలు పడేంత ఒళ్ళుచేసింది. ఏడిస్తే కాలువ అవతలి గట్టు వాళ్ళకు కూడా వినబడేది. లోవమ్మకు ప్రాణం కుదుటపడింది. మజ్జిగ మానేసింది. ఆ తర్వాత ఆ వీధిలో ఏ పసిబిడ్డకు బొంత కుట్టినా లోపలి పొర సంగతి తానే చూసుకునేది. ఆ రకంగా ఆ వీధి పిల్లలందరూ లోవమ్మ పెళ్ళినాటి చీరల మీదే పక్కలు తడిపారు.

పెట్టెలోని చీరల్లో ఎర్ర అంచున్న చిలకపచ్చది ఆవిడకు అన్నిటికంటే ఇష్టం. దానికో కథ ఉంది. దుర్గాశ్రీ ఇంకా పుట్టకముందు చిట్టెమ్మ తన తమ్ముడి పెళ్ళికని ఆ చీర అడిగి కట్టుకుని పాలకొల్లు వెళ్ళింది. తిరిగి తెచ్చి ఇచ్చేటప్పుడు "ఎంత జాగ్రత్తగా కట్టుకున్నాననుకున్నావు" అని రెండుసార్లు చెప్పింది. సాయంత్రం లోవమ్మ మడత విప్పితే లోపల అరచెయ్యంత ఆవకాయ మరక. ఎన్నిసార్లు ఉతికినా మరక రంగు మార్చుకుందే గాని చీరను వదల్లేదు. లోవమ్మ చిట్టెమ్మను ఏమీ అడగలేదు. చిట్టెమ్మ ఏమీ చెప్పలేదు. ఇద్దరూ ఆ తర్వాత కూడా ఎదురెదురుగా కూర్చుని బొంతలు కుట్టుకుంటూనే ఉన్నారు.

గణేష్‌బాబుకు కొడుకు పుట్టినప్పుడు లోవమ్మ ఆ చీరను సగానికి కత్తిరించింది. మరకున్న సగం చిట్టెమ్మ మనవడి బొంత లోపల వేసింది. శుభ్రంగా ఉన్న సగం మళ్ళీ పెట్టెలో పెట్టుకుంది. అందులో కసి ఉంది, పొదుపూ ఉంది. ఏది ఎంతో ఆవిడకే తెలియదు.

ఆ సగం దాచింది దేనికో మాత్రం తెలుసు. ఏడో నెల వచ్చాక దుర్గాశ్రీ అత్తవారింటినుంచి పురిటికి వచ్చింది. పాలకేంద్రంలో ఆ బిడ్డ కోసం బొంత మొదలైంది. ముక్కలు పేరుస్తూ పేరుస్తూ లోవమ్మ తలెత్తకుండా అంది.

"వదినా, దీనికి నాదొక ముక్క వేస్తాను."

సూదులన్నీ ఆగాయి.

"ఏ ముక్కే?"

"నా చీరదే. పైన. నడిమి గడిలో."

చిట్టెమ్మ కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. ఎంతో ప్రేమగా మాట్లాడింది.

"మనవడో మనవరాలో, మంచి కోరుకోవలసినదానివి నువ్వే కదా లోవా. మేమంతా లేమా? నావి రెండు ముక్కలు ఎక్కువ వేస్తాలే."

"సరే వదినా" అంది లోవమ్మ.

కానీ నడిమి గడిలో ఏ ముక్కా పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. ఎవరు ఏ ముక్క ఇచ్చినా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "రంగు కుదరడం లేదండి" అని తిరిగి ఇచ్చేది. రంగు సంగతిలో లోవమ్మను కాదనే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. చుట్టూ గళ్ళన్నీ అతికేశారు. నడుమ పలకంత కన్నం మిగిలింది. అందులోంచి పాలకేంద్రం గచ్చు కనబడేది. దుర్గాశ్రీకి నెలలు నిండుతున్నాయి.

ఆ వారంలోనే చిట్టెమ్మ మనవడు ఉదయభాస్కర్ బొంతను దూడ నమిలింది. దడి మీద ఆరేస్తే ఒక మూల నోట పెట్టుకుని గుంజింది. మూడేళ్ళవాడు ఆ బొంత లేనిదే పడుకోడు. వాడి ఏడుపు పడలేక చిట్టెమ్మ అరుగు మీద కూర్చుని, బాగుచేద్దామని ఆ మూల కుట్లు విప్పింది. లోపల చిలకపచ్చ కనబడింది. ముందు ఆవిడకు సంతోషం వేసింది, ఎక్కడో చూసిన చీరలా ఉందే అని. ఇంకొంచెం విప్పితే మరక కనబడింది. ఆ చీరనైతే మర్చిపోయేదేమో గాని, ఆ మరకను చిట్టెమ్మ ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

బొంత చంకన పెట్టుకుని, వీధిలోంచి కాకుండా పెరటిదారిన లోవమ్మ ఇంటికి వచ్చింది. లోవమ్మ గోంగూర తుంచుతోంది.

"ఇదేంటే?" అని చిట్టెమ్మ బొంత విప్పి చూపించింది.

లోవమ్మ చూసింది. "ఆవకాయ, వదినా."

"నేనడిగేది చీర సంగతి."

"లోపల ఏదో ఒకటి వెయ్యమన్నావుగా."

"ఎవరెవరి బొంతల్లో వేశావు?"

"అందరివాటిలోనూ."

చిట్టెమ్మ పీట మీద కూలబడింది. వీధిలో పిల్లలందరినీ పెద్దవాడినుంచి చంటిదాని వరకూ మనసులో వరసగా నిలబెట్టి, ఎవరికైనా ఏమైనా అయిందేమోనని వెతికింది. పల్లంరాజు కొడుకు పదో తరగతి లెక్కల్లో తప్పాడు. కానీ పల్లంరాజు కూడా లెక్కల్లో తప్పినవాడే. ఇంకొకడికి పన్ను వంకరగా వచ్చింది. అది వాళ్ళ మేనమామ పోలిక. ఎంత వెతికినా లోవమ్మ నెత్తిన వెయ్యడానికి ఏమీ దొరకలేదు. ఇక తన మనవడు సరేసరి, ఆ నిమిషంలో కూడా వాడి ఏడుపు పెరటిదాకా వినబడుతూనే ఉంది.

"సరే, అయిందేదో అయింది" అంది చివరికి. "ఎవరితోనూ అనకు. నీ కూతురి బిడ్డకు కూడా లోపలే వేసుకో. నేను చూడను."

చిట్టెమ్మ లెక్కలో అది చాలా పెద్ద మినహాయింపు. లోవమ్మకు మాత్రం కోపం వచ్చింది. ఇన్నేళ్ళకు మొదటిసారి వచ్చిన కోపం కావడంతో దాన్ని ఎలా చూపించాలో తెలియక, ఇంకాస్త గోంగూర తుంచింది.

"లోపల వెయ్యడానికి ఇంక చీరలు లేవు వదినా. అందరి పిల్లలకీ అయిపోయాయి. ఇదొక్కటే సగం మిగిలింది. ఇది పైన పడాలి."

"వద్దని చెప్పానా?"

"ఆ సగం శుభ్రంగానే ఉంది" అంది లోవమ్మ. "మరకంతా నీ మనవడి వైపే వచ్చేసింది."

చిట్టెమ్మ లేచింది. పెరటి తలుపుదాకా వెళ్ళి ఆగింది.

"ఇది కుట్టి పంపించు. వాడు నిద్రపోడు."

"లోపలిది మార్చమంటావా?"

"మార్చకు. మారిస్తే వాడికి తెలిసిపోద్ది" అని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ చేరారు. నడిమి కన్నం అలాగే ఉంది. లోవమ్మ కొంగుచాటునుంచి చిలకపచ్చ ముక్క తీసింది. పలక కొలతకు కత్తిరించింది, ఒక పక్క ఎర్ర అంచు వచ్చేటట్టు. ఎవరినీ అడగకుండా కన్నంలో పెట్టింది. ఆ ముక్క అక్కడ పడేసరికి, చుట్టూ ఉన్న గళ్ళన్నీ ఇన్నాళ్ళూ దానికోసమే పేర్చినట్టు కనబడ్డాయి. నిజానికి వాటిని పేర్చిందే దానికోసం.

అందరూ చిట్టెమ్మ వైపు చూశారు. చిట్టెమ్మ చెయ్యి చాచింది. అలవాటు ప్రకారం లోవమ్మ సూదిలోకి దారం ఎక్కించి ఆ చేతిలో పెట్టింది. చిట్టెమ్మ ముక్కను వేళ్ళతో ఎత్తి, ఇటు చూసింది, తిప్పి అటు చూసింది. మరక ఉందేమోనని చూస్తోందని లోవమ్మ ఒక్కదానికే తెలుసు. అక్కడ ఏమీ లేదు. చిట్టెమ్మ సూదిని మళ్ళీ లోవమ్మ ముందుకే చాచింది.

"నువ్వే కుట్టు. నా చెయ్యి తగిలితే దీనికి కూడా ఆవకాయ అంటుకుంటుంది."

"ఆవకాయేంటండి అత్తయ్యగారూ?" అంది కోడలు సూర్యకళ.

"ఈ చీర లోవది. ఎరువడిగి కట్టుకెళ్ళి పాడుచేసింది నేను. పాడుచేసి, చెప్పకుండా మడతపెట్టి ఇచ్చేశాను. చాలా? ఇంక కుట్టండి, పాలు వచ్చే వేళవుతోంది."

సూర్యకళ కాస్త జరిగి, గోడ దగ్గరున్న లోవమ్మకు బొంత పక్కన చోటిచ్చింది. ఆ వీధిలో పుట్టిన పిల్లల బొంతలన్నీ పేర్చిన లోవమ్మ, పుట్టబోయే బిడ్డ బొంత మీద కుట్టు వెయ్యడం అదే మొదటిసారి. కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకుందామంటే ఒక చేతిలో సూది, ఒక చేతిలో ముక్క. అలాగే కుట్టింది. ఎర్ర అంచు పక్కన కుట్టు దారి తప్పి చిలకపచ్చలోకి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

చూపు ఆనని చిట్టెమ్మకు కూడా అది కనబడింది.

"వంకర పోయిందే లోవా. విప్పి మళ్ళీ కుట్టు."

"విప్పను వదినా" అంది లోవమ్మ.