ఊపిరి తీసేసిన పాట

మా మేనమామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరు స్టూడియోలో ఎవరిదో పాటకు చివరి మెరుగు పెడుతున్నాను. సగంలో ఆపి, కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు బస్సెక్కాను. ఈ పని నాకు నేర్పింది మామే. ఆయనకు నేను చేసిన అన్యాయం ఒకటుంది. అది ఒప్పుకోకుండా ఆయన గురించి రాయడం నా వల్ల కాదు.

అక్కడి రాబర్ట్‌సన్‌పేటలో మామకు రికార్డింగ్ షాపు ఉండేది. పాటల చీటీ ఇస్తే పెద్ద రికార్డుల నుంచి క్యాసెట్‌కు ఎక్కించి ఇచ్చేవాడు. ఎవరైనా "బిరీన ఇయ్యప్పా" అని తొందరపెడితే, "గంట పాటకి గంట పడ్తాది. అన్నం ఉడకనియ్యవా?" అనేవాడు. సౌండు కొలిచే మీటరులో ముల్లు ఎర్రగీత దాటిందంటే మళ్ళీ మొదటినుంచీ ఎక్కించాల్సిందే. చివర్లో సౌండు బాగా తగ్గించి, తను వీధిలోకి వెళ్ళి నిలబడేవాడు. అక్కడికి మాటలు తేటగా వినిపిస్తేనే క్యాసెట్ చేతికిచ్చేవాడు.

సీడీలొచ్చి టేపు గరగర పోయినప్పుడు మామ సంతోషించాడు. పాతదంతా బంగారమనే మనిషి కాదు. ఫోన్లలో పాటలొచ్చాకే నొచ్చుకున్నాడు. నేను చేసిన ఆల్బమ్ ఒకటి విని, "అందరూ ఒగేసారి అరస్తా ఉండారు గదమ్మా. మెల్లగా పాడేది లేకుంటే గట్టిగా పాడింది ఎట్ల తెలస్తాది?" అన్నాడు. ఇప్పుడంతా ఇలాగే చెయ్యాలని నేను వాదించాను.

మామ వాళ్ళ నాయన, అంటే మా తాత, చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి గనిలో దిగినవాడు. శనివారం భజనలో ఆయనే ముందు పాడేవాడు. ఆయన గొంతు మిగిలింది మామ ఎక్కించిన ఒకే ఒక్క క్యాసెట్‌లో. రెండేళ్ళ కిందట దాన్ని నా చేతిలో పెట్టి, "బూజు పట్తా ఉండాది. కాపాడమ్మా" అన్నాడు.

కంప్యూటర్‌లోకి ఎక్కించి గరగర తీసేశాను. తాత ఊపిరితిత్తుల నిండా గని దుమ్మే. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి ఈల వేస్తూ వచ్చేది. అదీ ఒక లోపమే అనుకుని ఒక్కొక్కటే కోసేశాను. బాగుచేసినదాన్ని మొదట ఎక్కించిన ఫైలు మీదే సేవ్ చేశాను. టేపు ఆ ఒక్కసారి తిరిగేసరికే పైపూత పొడిగా రాలి తెగిపోయింది.

మామ హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం విన్నాడు. మళ్ళీ విన్నాడు.

"పాట బాగుండాది. మా నాయన యాడమ్మా?" అన్నాడు.

అంతలోనే నా ముఖం చూసి, "పోనీలే. ఇప్పుడన్నా ఆయప్ప ఆయాసం లేకుండా పాడనీ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పదకొండోనాడు అత్త ఆ పాటే పెట్టమంది. వద్దనలేకపోయాను. తాత వెనక వంత పాడిన గని కార్మికులు ఐదారుగురు, ఇప్పుడు ముసలివాళ్ళు, నా వెనక చాపమీద కూర్చున్నారు. తాత పల్లవి అందుకున్నాడు. ఆగాడు. నేను ఖాళీ చేసిన ఆ చోట, ఈల వేస్తూ ఊపిరి వినిపించింది. మళ్ళీ చరణం, మళ్ళీ ఊపిరి. తాత ఆగిన చోటల్లా, అదే గని దుమ్ము నిండిన ఊపిరితిత్తులతో వాళ్ళు వంతకు గుక్క తీసుకుంటున్నారని కాసేపటికి అర్థమైంది.

కానీ ప్రతిసారీ వాళ్ళందరికంటే కొంచెం ముందుగా, భజన నడిపేవాడు తీసుకున్నట్టు, నా వెనక ఇంకొక ఊపిరి మొదలవుతోంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.