బతుకమ్మ మీది పరీక్ష పువ్వు

పందొమ్మిది వందల అరవైలల్ల మహబూబ్‌నగర్‌ల డిగ్రీ చదువుతుంటి. నీటిపురుగులను చిన్న సంచులల్ల పట్టి తినే మొక్కను మా కొత్తకోట కుంటల నుంచి, పూసింది ఒక్కటే దొరికితె, తెచ్చి ఇంట్ల బకెట్ల పెట్టిన. తెల్లారి కాలేజీ పరీక్షల అది ఏ రకమో తేల్చి చూపాలె. పువ్వు లేకుంటే తేలదు.

సాయంత్రం చూస్తే దాని పసుపు పువ్వు ఒక్కటి గూడ లేదు. మా అవ్వ బతుకమ్మల పేర్చింది!

కుంటకు ఉరికిన. ఆడోళ్లంతా చూస్తుండంగనే నీళ్లల్ల దిగి, తేలుతున్న బతుకమ్మ మీద చెయ్యేసిన. "సాగనంపిన గౌరమ్మను ముడుతవార?" అని అందరు తిట్టిండ్రు. తల కొట్టేసినట్టయింది.

అవ్వ కట్టుచీరెతోనే నీళ్లల్లకు వచ్చింది. "తప్పు నాది తల్లీ, పిలగాడు సదువుకు తెచ్చుకున్న పువ్వును తెంపిన" అని దండం పెట్టి, రెండు పువ్వులు తీసి నా చేతుల పెట్టింది.

పాసైన. తర్వాత నేనే సారునై ఆ మొక్క పాఠం చెప్పిన ప్రతి ఏడు, అవ్వ పేరున ఒక పువ్వును కుంటల వదిలిన.