కొమ్ము కింద తాటిమొద్దు

లస్కరు తాత పోయాడన్న కబురు నాకు పడవ సరంగు తెచ్చాడు. కాకినాడకు బియ్యం వేసుకుని వెళ్ళవలసిన పడవను రేవులోనే కట్టేసి, మా పొలం దాకా నడిచి వచ్చాడు. గాలి వాటంగా ఉన్న పూట అతను పడవ ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

“తాత పోయాడండి బాబుగారూ. పొద్దున్నే గంజి తాగి అరుగు మీద కూర్చున్నాడంటండి. కోడలు చెంబు తీసుకెళ్దామని వచ్చేసరికి అలాగే గోడకి ఆనుకుని ఉన్నాడంట.”

“ఏమైనా అన్నాడా?”

“ఏటికి కొత్తనీరు వచ్చిందా అని అడిగాడంటండి. ఇంకా రాలేదు మామా అందంట.”

నేను పార అక్కడే గుచ్చి అతని వెంట బయలుదేరాను.

ఆయన పేరు మా ఊళ్ళో చాలామందికి తెలియదు. కాలవల కచేరీ కింద గట్టు చూసే నౌకరును లస్కరు అంటారు. ముప్పై ఏళ్ళు మా ఊరి ఏటిగట్టుకు ఆయనే లస్కరు. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టేనాటికి తాను రాళ్ళ పడవల మీద వంటకు కట్టెలందించే కుర్రాణ్ణని చెప్పేవాడు. కొలువు దిగాక, జుట్టు నెరిశాక, లస్కరు తాత అయ్యాడు. మిషను గుడికి వెళ్ళే పేట మనిషి. అక్షరం రాదు. కానీ కళ్ళు మూసుకుని గట్టు మీద నడిపించినా, కాలికింద మన్ను తొక్కి అది ఏ ఊరి హద్దో చెప్పగలిగేవాడు.

గట్టు పిల్లల సంగతి మా చుట్టుపక్కలవారికి తెలిసిందే. తెలియనివారి కోసం చెబుతున్నాను. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజులూ మాకు ఊడ్పులు సాగే రోజులూ ఒకటే. ఆడా మగా అందరూ మడిలో ఉంటారు. గట్టు తెగితే ఆ మడీ ఉండదు, ఊరూ ఉండదు. రాత్రిళ్ళు పెద్దవాళ్ళు కాస్తారు, మరి పగలు ఎవరు కాయాలి? పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు నేర్పి, పగలు వాళ్ళను గట్టు మీద తిప్పుదామన్నది లస్కరు తాత ఆలోచన. కొలువు దిగిన ఏడాదే మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పిల్లలకు తోడుగా గట్టు మీది పాకలో రోజుకొక పెద్దమనిషి కూర్చోవాలన్నాడు. అలా వంతుకు ఒప్పుకున్న తొమ్మిదిమందిలో నేనొకణ్ణి.

ఆయన నేర్పే తీరు వేరు. ఏరు ఎండి ఉన్న వైశాఖంలోనే పిల్లల్ని గట్టు వెంట తీసుకెళ్ళేవాడు. తాను ఏమీ చెప్పేవాడు కాదు, అడిగేవాడు.

“ఇదేంట్రా?”

“బొక్క, తాతా.”

“ఎవరిది?”

“ఎండ్రకాయది.”

“ఇంట్లో ఉందా, ఊరెళ్ళిందా?”

పిల్లలు నవ్వి, వంగి చూసేవారు. బొక్క మూతి దగ్గర కొత్త మన్ను ఉంటే ఎండ్రకాయ లోపల ఉన్నట్టు. ఆ సంగతి వాళ్ళే కనిపెట్టేదాకా ఆయన కదిలేవాడు కాదు. ఎండలో నిలబడటానికి నాకు విసుగుపుట్టేది. ఆయనకు పుట్టేది కాదు.

ఇద్దరిద్దరిని జత చేసి పంపేవాడు. ఒకడు నిలబడి చూడటానికి, ఒకడు పరుగెత్తి చెప్పడానికి. ఊరి పిల్లాడికి పేట పిల్లాడు జత. ఇదేం పద్ధతని ఊళ్ళో కొందరు సణిగితే, “మీ పిల్లలకి చూపెక్కువండి, మా పిల్లలకి పరుగెక్కువండి” అని రెండువైపులా పొగిడి తప్పించుకున్నాడు. పాకలో మంచినీళ్ళ కుండలు మాత్రం రెండు ఉండేవి. వాటి జోలికి ఆయన పోలేదు. మేమూ పోలేదు.

పిల్లలందరికీ ఆయన నేర్పిన మాట ఒకటుంది. “తేటనీరు ఊరితే కూర్చుని చూడండి. బురదనీరు ఊరితే లేచి ఊదండి.” గట్టు మొదట్లో తేటగా ఊరితే వచ్చేది నీరు మాత్రమే. బురదగా ఊరితే గట్టు మన్ను లోపలినుంచి కొట్టుకుపోతున్నట్టు. ఊదడానికి దున్నపోతు కొమ్ము ఒకటి ఆయనే గీకి, చివర కోసి తయారు చేశాడు. అది పాక కప్పును మోసే నడిమి స్తంభానికి, అంటే నిట్రాటకు, పిల్లల భుజం ఎత్తులో వేలాడేది. ఏ జతకు అనుమానం వచ్చినా వచ్చి ఊదవచ్చు. కొమ్ము వినబడితే ఊరంతా పారలూ గడ్డిమోపులూ పట్టుకుని పరుగెత్తాలి.

ఒక ఏడు ఊడ్పుల్లో అది రెండుసార్లు ఊరికే మోగింది. ఒకసారి గేదెలు పొర్లిన గుంట కారింది. ఇంకోసారి అదీ లేదు, పిల్లాడి భయం. రెండుసార్లూ లస్కరు తాత ఊదినవాడి చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. అది మాకు మండింది. తొమ్మిదిమందిమీ పాకలో కూర్చున్నాం.

“తప్పు ఊదినోడికి బెల్లమా?” అన్నాడు మా ఊరి కామందు. అందరికంటే ఎక్కువ పొలం ఆయనది. “రేపు నా మేనల్లుడు బెల్లం కోసం రోజూ ఊదుతాడు. నలభైమంది కూలోళ్ళు నారుకట్టలు నీళ్ళలో వదిలేసి పరుగెత్తారు, తెలుసా?”

“తెలుసండి. నేనూ పరుగెత్తానండి,” అన్నాడు లస్కరు తాత.

“నువ్వు పరుగెత్తితే ఎవడి మడి ఆగింది?”

అందరం నవ్వాం. తలా ఒక మాట అన్నారు. ఒకాయన బెత్తం ఉండాలన్నాడు. ఒకాయన అసలు పిల్లల్నే మానిపిద్దామన్నాడు. నేను నాలుగో ఫారం దాకా చదివినవాణ్ణి. ముందురోజే పుస్తకంలో షరతులు రాసుకొచ్చి చదివాను. పిల్లలకు పరీక్ష పెట్టాలి. నెగ్గినవాడికి ఎర్ర తలగుడ్డ ఇవ్వాలి. కొమ్ము పెద్దవాళ్ళకు అందే ఎత్తులో ఉండాలి, పిల్లలు దాన్ని ముట్టకూడదు. వాళ్ళు వచ్చి చెబితే పాకలో ఉన్న పెద్దమనిషి వెళ్ళి చూసి, అవసరమైతే ఆయనే ఊదాలి. అందరికీ నచ్చింది.

లస్కరు తాత చివరిదాకా విన్నాడు. “అన్నీ బాగున్నాయండి బాబుగారూ. ఎర్రగుడ్డ దూరానికి కనపడుద్దండి, మంచిదే. ఆ కొమ్మొక్కటి కిందే ఉంచండి. తప్పు ఊదితే మనకి ఒక పూట పని పోద్దండి. ఊదాలా వద్దా అని ఆడు భయపడ్డాడనుకోండి…”

“పిల్లకాయ చేతిలో ఊరు పెడతావేంటయ్యా!” అన్నాడు కామందు.

“ఏరు వాళ్ళ ఎదటే ఉంటదండి మరి.”

ఎవరూ వినలేదు. నేనే పీటెక్కి నిట్రాటకు పైన మేకు కొట్టాను. పీట కదులుతుంటే లస్కరు తాత రెండు చేతులతో పట్టుకున్నాడు.

మరుసటి శ్రావణంలో ఏరు గట్టు నిండా వచ్చింది. ఆ రోజు వంతు నాది. రెండు ఫర్లాంగుల దూరంలో నా మడిలో ఊడ్పు సాగుతోంది. మధ్యాహ్నం నీరు పెరగడం ఆగినట్టు కనిపించింది. ఒక్కసారి మడి చూసి వద్దామని పాక దిగాను. కూలివాళ్ళతో మాట్లాడుతూ ఉండిపోయాను.

ఆ సమయంలోనే ఒక జత బురదనీటి ఊట చూసింది. ఒకడు అక్కడే నిలబడ్డాడు. ఇంకొకడు పాకకు పరుగెత్తాడు. పదమూడేళ్ళ పేట పిల్లాడు. నేటి పడవ సరంగు అతనే. పాకలో నేను లేను. కొమ్ము పైన ఉంది. నా షరతులు అందరికంటే బాగా అప్పజెప్పేవాడు వాడే, నేనే వాడికి మొదటి తలగుడ్డ కట్టాను. కొమ్మును ముట్టకుండా నన్ను వెతుకుతూ మా ఇంటికి పరుగెత్తాడు, అక్కడినుంచి మడికి.

వీధిలో వాడి ఎర్రగుడ్డ చూసి లస్కరు తాత లేచాడు. నేను రొప్పుతూ గట్టు చేరేసరికి ఆయన కొమ్ము ఊది, ఊటలో నడుము లోతున దిగి గడ్డి తొక్కుతున్నాడు. ఊరు వచ్చింది. తాటి దుంగలు దొర్లించారు. గట్టు ఊరివైపు ఒక బండి పట్టేంత మేర జారింది. ఒక దుంగ జారి ఆయన మోకాలి మీద పడింది. సాయంత్రానికి ఊట ఆగింది. కింద రెండు చేలు ఇసుకమేట వేశాయి. ఊరు నిలిచింది. ఆయన మోకాలు మళ్ళీ వంగలేదు.

కొమ్ము ఎందుకు ఆలస్యమైందని అందరూ అడిగారు. పిల్లాడు నోరు విప్పలేదు. ఎక్కడో ఆడుకుంటూ ఉండుంటారన్నారెవరో. వాడి తండ్రి అందరి ఎదుటా పడవ తాడు తీసుకుని వాణ్ణి కొట్టాడు. నేను రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు. మంచం మీద కాలు కట్టించుకుంటున్న లస్కరు తాతే అన్నాడు: “కొట్టకు. ఆడికి చెప్పింది చెప్పినట్టే చేశాడు.” ఆయన నావైపు చూడలేదు. ఆయనకు తెలుసని అప్పుడే నాకు అర్థమైంది.

షరతు మారలేదు. పిల్లలు ఆలస్యం చేశారు కనుక ఇంకా గట్టిగా నేర్పాలన్నారు పెద్దలు. నేనూ తల ఊపాను.

తరవాతి ఏడు లస్కరు తాత ఒక తాటిమొద్దు దొర్లించుకొచ్చి, పాకలో నిట్రాట మొదట్లో నిలబెట్టాడు.

“ఏంటి తాతా ఇది?” అన్నాను.

“కాలు నెప్పండి. కూర్చోడానికండి.”

“సింహాసనం తెచ్చుకున్నాడ్రా లస్కరు,” అన్నాడు కామందు.

“ఆయ్, అంతేనండి.”

ఆ తరవాత పద్నాలుగేళ్ళు కర్ర పట్టుకుని గట్టుకు వచ్చాడు. ఎక్కడ వదులు మన్ను కనిపించినా మంచి కాలి మడమతో తొక్కేవాడు. గుడి ఆవరణలో అయినా, మా ఇంటి గుమ్మం ముందయినా. నాతో అదే మర్యాద, అదే మాట. ఒక్కసారి కోప్పడితే బాగుండునని నాకు అనిపించేది. ఈ మధ్య ఏళ్ళలో రెండు మూడుసార్లు కొమ్ము సరిగ్గా వేళకు మోగింది. వంతు మనిషి ఊదాడని అందరం అనుకున్నాం. వంతు మనిషీ కాదనలేదు.

మిషను వాళ్ళ శ్మశానంలో ఆయన్ను పూడ్చారు. మా ఆచారం ప్రకారం మేము కంచె బయట నిలబడ్డాం. మట్టి వేశాక సరంగు చుట్టూ తిరిగి అంచులు మడమతో తొక్కాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో అతన్ని అడిగాను.

“ఆ రోజు నేను పాకలో లేనని నీకు తెలుసు. ఎందుకు చెప్పలేదు?”

“దెబ్బలు తిన్నాక చెబుదామనే ఉన్నానండి. తాత వద్దన్నాడండి.”

“నా మీద జాలా?”

“జాలి కాదండి. ‘ఆయన పేరు బయటికొస్తే రేపటినుంచి పెద్దోడు ఒక్కడూ వంతుకి రాడు. ఏ తప్పు దొరుకుద్దో అని ఇంట్లో కూర్చుంటారు. మీ అందర్నీ నేనొక్కణ్ణే చూడలేనురా. దెబ్బ నీకు తగిలింది, ఓర్చుకో’ అన్నాడండి.” కాసేపు నడిచి అన్నాడు. “ఓర్చుకున్నానండి. మీ షరతులు ఇప్పటికీ నోటికొచ్చు. అప్పజెప్పమంటారా?”

తాత చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. గట్టు పిల్లల పద్ధతి నిలిచింది, నిజమే. దాని కింద ఒక పిల్లాడి వీపు ఉంది.

పది రోజులకు, వంతులు వేసుకోవడానికి పెద్దలందరం పాకలో కలిశాం. ఇప్పుడు సరంగు కూడా వంతు మనిషే. ఆ రోజు నేను మడికి వెళ్ళానని, కొమ్ము అందకపోవడం వల్లే ఆలస్యమైందని, దెబ్బలు తినవలసినవాణ్ణి నేనని చెప్పాను. కొమ్ము కిందికి దించాలన్నాను. ఇద్దరు పనుందని లేచి గట్టు దిగిపోయారు. తాత భయం ఉత్తిది కాదు.

కామందు బాగా ముసలివాడయ్యాడు. “పదిహేనేళ్ళు కడుపులో దాచుకున్నావటోయ్!” అన్నాడు. తరవాత, “దించు. నీ వంతు నాడు నేనూ వచ్చి కూర్చుంటాలే, నువ్వు పారిపోకుండా,” అన్నాడు.

సుత్తి తెచ్చుకున్నాను. పైమేకు పీకడానికి ఎత్తు చాలక తాటిమొద్దు మీద కాలు పెట్టబోయాను.

“చూసి ఎక్కండి బాబుగారూ,” అన్నాడు సరంగు.

“తాత కూర్చునే మొద్దేగా?”

“తాత దాని మీద కూర్చోగా ఎప్పుడైనా చూశారాండి?”

చూడలేదు. ఆయన ఎప్పుడూ గుమ్మం దగ్గర నేల మీద, వంగని కాలు చాపుకుని కూర్చునేవాడు. నేను కాలు వెనక్కి తీసుకుని వంగి చూశాను. మొద్దు పైన నిరుటి వరద బురద ఎండి ఉంది. దాని నిండా చిన్న పాదాల గుర్తులు, ఒకదాని మీద ఒకటి, అన్నీ నిట్రాట వైపే. మడమలు ఆనిన జాడ లేదు. వేళ్ళు మాత్రం లోతుగా దిగి ఉన్నాయి.